జీతం ఒకరిది, వేసవి ఇంటిల్లిపాదిదీ

విశాఖలో గాజువాక, మల్కాపురం, కూర్మన్నపాలెం వైపు గల్ఫ్ కొత్త మాటేమీ కాదు. షిప్‌యార్డులోనో, రిఫైనరీలోనో, స్టీల్‌ప్లాంటు కాంట్రాక్టు పనుల్లోనో వెల్డింగ్, పైపింగ్, ఫ్యాబ్రికేషన్, సేఫ్టీ పనులు నేర్చుకున్నవాళ్లు గల్ఫ్‌లోని చమురు, గ్యాస్ ఊళ్లు రువైస్, జుబైల్, రాస్ లఫాన్ పేర్లను అనకాపల్లి, తుని పేర్లంత మామూలుగా పలుకుతారు. మరమ్మతులకు ప్లాంటు ఆపినప్పుడు ఉండే షట్‌డౌన్ పనికి మూడు నెలలు వెళ్లి వచ్చేవాళ్లకు, రెండేళ్ల కాంట్రాక్టు మీద క్యాంపులో ఉండేవాళ్లకు కుటుంబాన్ని తీసుకెళ్లాలా అన్న ప్రశ్నే రాదు. కంపెనీ ఇచ్చేది ఒక మంచం, అంతే.

ప్రశ్న వచ్చేది ఇంకో రకం ఉద్యోగాలకు. ప్రాజెక్టు ఇంజనీరు, ఐటీ ఉద్యోగి, అకౌంటెంట్, నర్సు, టీచర్. ఫ్యామిలీ వీసాకు సరిపోయే జీతం ఉంటుంది. ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో ఒక ఫ్లాటు ఉంటుంది, దాని మీద ఈఎంఐ నడుస్తుంటుంది, స్కూలుకెళ్లే పిల్లలు ఉంటారు, అరవై దాటిన అమ్మానాన్నలు ఉంటారు. ఆఫర్ లెటర్ చేతికి రాగానే ఇంట్లో కాలిక్యులేటర్ బయటికొస్తుంది. దిర్హాముకు ఇన్ని రూపాయలు, పన్ను లేదు, నెలకు ఇంత మిగులుతుంది అని. ఆ లెక్క తప్పనలేం. కానీ అది ఉద్యోగానికి వెళ్లే మనిషి లెక్క. ఆ మనిషి ఏసీ ఇంట్లోంచి ఏసీ కారులోకి, అక్కణ్నించి ఏసీ ఆఫీసులోకి వెళ్తాడు. ఎడారి నగరంలో మే నుంచి అక్టోబరు దాకా అసలు వాతావరణాన్ని భరించేది ఇంట్లో ఉండే మనిషి, చంటిపిల్ల, పెద్దవాళ్లు. నిర్ణయం ముందుగా వాళ్ల రోజును బట్టి జరగాలి. జీతం లెక్క ఆ తర్వాత.

మనకు ఎండ అలవాటేనా?

విశాఖలో చాలామంది అనే మాట ఇది: "ఎండ మనకు కొత్తా? ఇక్కడ మాత్రం చల్లగా ఉందా?" సగం నిజమే. విశాఖకు ఉక్కపోత తెలుసు. మే నెలలో సగటు పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల చుట్టూ ఉంటుంది, గాల్లో తేమ ఎక్కువ, చొక్కా వంటికి అంటుకుపోతుంది. పడమటి గాలి బలంగా వీచి సముద్రపు గాలిని అడ్డుకున్న రోజున మాత్రం 40 దాటుతుంది. మామూలు రోజుల్లో మధ్యాహ్నానికి సముద్రపు గాలి ఊళ్లోకి వచ్చి వేడిని కాస్త లాగేస్తుంది. రాత్రికి 27, 28 డిగ్రీలకు దిగుతుంది. జూన్ రెండో వారం దాటితే వానలు.

దుబాయ్‌లో జులై, ఆగస్టు నెలల సగటు పగటి ఉష్ణోగ్రత 41 డిగ్రీలు. రాత్రి కనిష్ఠం 30 దగ్గరే ఆగిపోతుంది. అంటే విశాఖ మే నెల పగలుకూ దుబాయ్ ఆగస్టు రాత్రికీ మధ్య తేడా ఐదు డిగ్రీలు మాత్రమే. ఆ వేడిని ముగించడానికి వాన రాదు. ఏడాది మొత్తం మీద అక్కడ పడే వాన వంద మిల్లీమీటర్లకు అటూఇటూ. విశాఖలో వెయ్యి దాటుతుంది. (2024 ఏప్రిల్ 16న దుబాయ్ రోడ్లు చెరువులైనప్పుడు అందరూ ఆశ్చర్యపోవడానికి కారణం అదే. అల్ ఐన్ దగ్గర ఒక చోట 24 గంటల్లోపే 254 మిల్లీమీటర్లు పడింది. 1949లో రికార్డులు మొదలయ్యాక అంత వాన అక్కడ ఎప్పుడూ నమోదు కాలేదు.)

ఇంకో అపోహ, ఎడారి అంటే పొడి వేడి అన్నది. రియాద్‌కు అది వర్తిస్తుంది. సముద్రానికి దూరంగా, ఎత్తు మీద ఉన్న ఊరు కాబట్టి అక్కడ వేసవిలో 43, 44 డిగ్రీలున్నా గాల్లో తేమ ఉండదు. చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది. నీడలో నిలబడితే తేడా తెలుస్తుంది. కువైట్ కూడా వేసవిలో ఎక్కువ రోజులు పొడిగానే మండుతుంది. 2016 జులైలో అక్కడి మిత్రిబాలో నమోదైన 53.9 డిగ్రీలు ప్రపంచంలోనే అత్యధిక ఉష్ణోగ్రతల్లో ఒకటి. దుబాయ్, అబుదాబి, దోహా తీర నగరాలు. ఆగస్టులో గల్ఫ్ సముద్రపు నీరే 33, 34 డిగ్రీలకు చేరుతుంది, ఎందుకంటే అది లోతు తక్కువ ఉన్న, మూడు వైపులా ఎడారి చుట్టుముట్టిన సముద్రం. అక్కడా మధ్యాహ్నం సముద్రపు గాలి వీస్తుంది. అయితే చల్లదనం కంటే ఆవిరినే ఎక్కువ మోసుకొస్తుంది. ఏసీ గదిలోంచి బయట అడుగు పెట్టగానే కళ్లద్దాలు మసకబారిపోతాయి.

ఇదెందుకు ముఖ్యమంటే, శరీరం వేడిని వదిలించుకునే పెద్ద దారి చెమట ఆరడమే. గాలి అప్పటికే ఆవిరితో నిండి ఉంటే చెమట కారుతుంది తప్ప ఆరదు. అందుకే శాస్త్రవేత్తలు మామూలు ఉష్ణోగ్రతతో పాటు తడి బల్బు ఉష్ణోగ్రతను చూస్తారు. థర్మామీటరు బుడ్డికి తడి గుడ్డ చుట్టి గాలి ఆడనిస్తే ఎంత చూపిస్తుందో అది. అది 35 దాటితే ఎంత ఆరోగ్యవంతుడైనా, నీడలో కూర్చున్నా, కొన్ని గంటలకు మించి తట్టుకోలేడన్నది సిద్ధాంతం. అమెరికాలో యువకులపై చేసిన ప్రయోగాల్లో తేమ వాతావరణంలో 31 దగ్గరే శరీరం అదుపు తప్పడం మొదలైంది. 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న విశాఖ సాయంత్రానికి ఈ లెక్క 29 చుట్టూ వస్తుంది. 36 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న గల్ఫ్ తీరపు రాత్రికి 31 చుట్టూ వస్తుంది. కాగితం మీద రెండు డిగ్రీల తేడా. ఒంటికి మాత్రం అది వాకింగ్‌కు వెళ్లగలగడానికీ వెళ్లలేకపోవడానికీ మధ్య ఉన్న తేడా. 2015 జులైలో ఇరాన్ తీరంలోని బందర్ మహ్‌షహర్‌లో తడి బల్బు ఉష్ణోగ్రత దాదాపు 35 అంచుకు వెళ్లింది. అది అదే గల్ఫ్‌కు అవతలి ఒడ్డు.

అలవాటు సంగతీ చూడాలి. మనిషి ఒళ్లు కొత్త వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు చాలు. కానీ అందుకు రోజూ కొంతసేపు ఆ వేడిలో ఉండాలి. ఇరవై నాలుగు గంటలూ ఏసీలో గడిపితే పదేళ్లున్నా ఆ అలవాటు రాదు. విశాఖలో ఫ్యాను కింద పెరిగిన ఒంటికి ఉన్న ఓర్పు కూడా మెల్లగా పోతుంది. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలు "నానమ్మా, ఇక్కడ ఉక్కగా ఉంది" అని గొడవ చేయడం వెనక ఉన్నది గారాబం ఒక్కటే కాదు.

ఎవరి రోజు ఎలా గడుస్తుంది

ఆరుబయట పనిచేసేవాళ్ల కోసం గల్ఫ్ దేశాల్లో చట్టాలున్నాయి. దుబాయ్, అబుదాబి ఉన్న యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని నిషేధం. ఖతార్‌లో జూన్ 1 నుంచే, ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా. ఈ తేదీలను ఇంకో రకంగానూ వాడుకోవచ్చు. ప్రభుత్వమే మూడు నెలల పాటు కూలీలను మధ్యాహ్నం బయట ఉంచొద్దంటోందంటే, ఆ మూడు నెలలు చంటిపిల్లతో కూరగాయలకు నడిచి వెళ్లే పని పెట్టుకోకూడదని అర్థం.

ఇప్పుడు ఇంట్లో ఉండే ఇల్లాలి రోజు చూద్దాం (ఇంట్లో ఉండేది భర్త అయినా లెక్క మారదు). విశాఖలో ఆమె రోజు మొత్తం ఇంటి గోడల మధ్య గడవదు. పొద్దున పాలు, పది గంటలకు రైతుబజారు, పక్కింటావిడతో పది నిమిషాలు, సాయంత్రం మేడ మీద బట్టలు, వారానికోసారి ఆర్కే బీచ్. వీటిలో ఏదీ ఆమె "అవుటింగ్" అనుకోదు. కానీ రోజుకు గంటా గంటన్నర ఆమె బయటి గాలిలో, తెలిసిన మనుషుల మధ్య ఉంటుంది. దుబాయ్‌లో జులై నెలలో అదే రోజు పద్నాలుగో అంతస్తులో, తెరవని కిటికీల వెనక గడుస్తుంది. సరుకులు కింది షాపు కుర్రాడు తెచ్చిస్తాడు. డ్రైవింగ్ లైసెన్సు, రెండో కారు లేకపోతే ఎక్కడికి వెళ్లాలన్నా ట్యాక్సీయో, భర్త సెలవో కావాలి. నడవాలంటే మాల్. అక్కడి మాల్స్‌లో తెల్లారి షాపులు తెరవకముందే స్పోర్ట్స్ షూ వేసుకుని చుట్లు తిరిగేవాళ్లు కనిపించడానికి కారణమిదే. ఏడాది పొడవునా అంత ఎండ కాసే దేశంలో విటమిన్ డి లోపం ఎక్కువగా కనిపించడం వింతగా తోస్తుంది గానీ, ఆ ఎండలో ఎవరు నిలబడుతున్నారని అడిగితే జవాబు దొరుకుతుంది.

నీళ్ల దగ్గర కూడా ఒక చిన్న విచిత్రం ఉంది. వేసవిలో చాలా భవనాల్లో పైట్యాంకు నీళ్లు ఎంతగా కాగుతాయంటే, చన్నీళ్ల కుళాయి తిప్పితే వేడినీళ్లు వస్తాయి. అందుకని అక్కడివాళ్లు గీజరు స్విచ్ ఆపేసి, వేణ్నీళ్ల కుళాయి తిప్పుతారు. గీజరు ట్యాంకు ఇంట్లో ఏసీ చల్లదనంలో ఉంటుంది కాబట్టి ఆ నీళ్లే నయం. పసిపిల్లకు స్నానం చేయించేవాళ్లు మొదటి వారంలోనే తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

రెండు మూడేళ్ల పిల్లల పరిస్థితి అన్నిటికంటే కష్టం. వాళ్లకు బయట ఆట కావాలి, వాళ్ల ఒళ్లు పెద్దవాళ్ల కంటే త్వరగా వేడెక్కుతుంది. స్కూలు వయసు పిల్లలకు ఈ సమస్య తక్కువ. స్కూలు ఏసీలో నడుస్తుంది, బస్సుకూ ఏసీ ఉంటుంది, జులై ఆగస్టులు సెలవులు. ఈ ఒక్క కోణంలో చూస్తే ఆరేళ్ల పిల్లను తీసుకెళ్లడం రెండేళ్ల పిల్లను తీసుకెళ్లడం కంటే తేలిక. చాలా కుటుంబాలు దీనికి తలకిందులుగా ఆలోచిస్తాయి, పిల్ల చిన్నదిగా ఉండగానే వెళ్దాం, స్కూలు టెన్షన్ ఉండదని.

పెద్దవాళ్ల సంగతి తేల్చి చెప్పొచ్చు. వేసవిలో వాళ్లను తీసుకెళ్లకూడదు. వయసు పెరిగేకొద్దీ చెమట తగ్గుతుంది, దాహం తెలియదు. బీపీకి వాడే కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని ఇంకా తగ్గిస్తాయి. 2015 మే చివర్లో వడగాడ్పులకు ఆంధ్ర, తెలంగాణల్లో రెండు వేల మందికి పైగా చనిపోయినప్పుడు వాళ్లలో ఎక్కువమంది కూలీలు, వృద్ధులే. ఏసీ ఉన్న ఫ్లాటులో అంత ప్రమాదం లేదు, నిజమే. కానీ భాష రాని ఊళ్లో ఆర్నెల్లు నాలుగు గోడల మధ్య కూర్చోమనడం వాళ్లకు మేలు చేయడం అనిపించుకోదు.

ఇదంతా చదివితే అక్కడ ఎవరూ బతకడం లేదేమో అనిపిస్తుంది. నవంబరు నుంచి మార్చి వరకు కథే వేరు. దుబాయ్‌లో జనవరిలో పగలు 24, రాత్రి 14, 15 డిగ్రీలు. ఆ ఐదు నెలలూ పార్కులు, బీచ్‌లు, ఎడారిలో క్యాంపులు, వీధుల్లో నడక. విశాఖ జనవరి కంటే హాయిగా ఉంటుంది. భద్రత విషయంలోనూ, రోడ్ల విషయంలోనూ, ఆఫీసుల్లో పని జరిగే తీరులోనూ అక్కడి జీవితం చాలామందికి నచ్చుతుంది. ఏడాదిని రెండుగా కోసి చూడగలిగినవాళ్లకు ఆ ఊరు అర్థమవుతుంది. ఇబ్బంది ఏమిటంటే, ముందుగా ఒకసారి చూసొద్దామని వెళ్లేవాళ్లంతా డిసెంబరు, జనవరి నెలల్లోనే వెళ్తారు. షాపింగ్ ఫెస్టివల్, గ్లోబల్ విలేజ్, చల్లగాలి, ఫొటోలు. ఇల్లు కొనేముందు వానాకాలంలో వెళ్లి చూడమంటారు పెద్దలు. ఆ ఊరిని ఆగస్టులో చూడాలి. హోటళ్లు అప్పుడు చవకగా కూడా ఉంటాయి. ఒక పది రోజులు, హోటల్లో కాకుండా వీలైతే తెలిసినవాళ్ల ఇంట్లో, ఉద్యోగికి బదులు ఇంట్లో ఉండబోయే మనిషి అక్కడ గడిపి వస్తే, ఈ వ్యాసంలోని సగం ప్రశ్నలు తీరిపోతాయి.

కలిసి ఉండటానికి ఎంత ఖర్చు

ఇక డబ్బు. దిర్హాము 1997 నుంచి డాలరుకు 3.6725 చొప్పున ముడిపడి ఉంది, కాబట్టి రూపాయి తగ్గిన ప్రతిసారీ ఇంటికి పంపే డబ్బు పెరుగుతుంది. జీతం మీద ఆదాయపు పన్ను లేదు. వస్తువుల మీద 5 శాతం వ్యాట్ ఉంది. లెక్క సులువుగా ఉండటానికి దిర్హామును 24 రూపాయలు అనుకుందాం.

నెలకు 12,000 దిర్హాముల జీతం ఊహించుకుందాం. 2 లక్షల 88 వేల రూపాయలు. విశాఖలో వినగానే కళ్లు చెదిరే అంకె. భార్య, ఇద్దరు పిల్లలతో ఉంటే ఖర్చు ఇలా వేసుకోవచ్చు. ఒక బెడ్‌రూమ్ ఇంటికి ఏడాదికి 60,000 అద్దె, అంటే నెలకు 5,000. దుబాయ్‌లో ఏడాది అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజును కరెంటు బిల్లుతో కలిపి వసూలు చేస్తారు, నెలకు 250. కరెంటు, నీళ్లు, ఏసీ సగటున 600. ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు, బస్సు కలిపి ఏడాదికి 32,000 అనుకుంటే నెలకు 2,670. సరుకులు 1,800, ఫోన్లు ఇంటర్నెట్ 500, రాకపోకలు 800. మొత్తం 11,620. మిగిలేది 380 దిర్హాములు, తొమ్మిది వేల రూపాయలు. ఏడాదికోసారి నలుగురూ ఇంటికొచ్చే టిక్కెట్లు ఇంకా లెక్కలోకి రాలేదు.

అదే మనిషి ఒక్కడే ఉండి, గదిని పంచుకుని, మెస్‌లో తింటే 2,500తో సరిపెట్టుకోగలడు. 9,500 దిర్హాములు, అంటే 2 లక్షల 28 వేలు ఇంటికి పంపగలడు. పెళ్లయినా ఒంటరిగా ఉంటే అక్కడ "బ్యాచిలర్" అనే అంటారు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడా, విశాఖలో కుటుంబానికి ఎలాగూ అయ్యే ఖర్చు తీసేయగా మిగిలేది, కలిసి ఉండటానికి చెల్లించే ధర. అది ఎక్కువా తక్కువా అన్నది ఇంటికొక రకం. నాన్నను వీడియో కాల్‌లో చూసి పెరిగిన పిల్లలున్న ఇంట్లో ఆ ధర ఎక్కువ అనిపించకపోవచ్చు. కానీ ధర ఉందన్న సంగతి వెళ్లాక మూడో నెలలో తెలియకూడదు. పై అంకెలన్నీ ఊహ మీద వేసినవే. ఎవరి ఆఫర్ వాళ్లు అదే చట్రంలో పెట్టి చూసుకోవచ్చు. విశాఖలో భార్యకు ఉద్యోగం ఉంటే ఆ జీతం పోవడాన్ని కూడా ఖర్చు కిందే రాయాలి. భర్త వీసా మీద వెళ్లిన భార్య అక్కడ వర్క్ పర్మిట్‌తో ఉద్యోగం చేయొచ్చు. అయితే నర్సులు, టీచర్లు అక్కడి లైసెన్సులు, అనుమతులు పూర్తి చేసుకోవడానికి నెలలు పడుతుంది.

మొదటి నెల పోటు వేరే ఉంటుంది. అద్దె నెలనెలా కట్టడం అక్కడ రివాజు కాదు. ఏడాది అద్దెను నాలుగైదు చెక్కులుగా ముందే రాసివ్వాలి. 60,000 అద్దెకు మొదటి చెక్కు 15,000, డిపాజిట్ 3,000, ఏజెంటుకు 3,000, కరెంటు డిపాజిట్ 2,000. ఇల్లు తెరవడానికే 23,000 దిర్హాములు, ఐదున్నర లక్షల రూపాయలు, మొదటి జీతం రాకముందే. మంచాలు, ఫ్రిజ్ దీనికి అదనం.

కరెంటు గురించి ఒక మాట. దుబాయ్‌లో మొదటి 2,000 యూనిట్ల దాకా యూనిట్ ధర 23 ఫిల్స్ (దిర్హాముకు వంద ఫిల్స్), అంటే ఐదున్నర రూపాయలు. దానిపై ఇంధన సర్‌చార్జి. విశాఖలో నెలకు 400 దాటాక వాడే ప్రతి యూనిట్‌కూ 9 రూపాయల 75 పైసలు పడుతుంది. కరెంటు అక్కడే చవకన్నమాట. ధర చవకైనా వాడకం అలా ఉండదు, ఏసీ రాత్రీపగలూ ఆగకుండా తిరుగుతుంది. ఇల్లు వెతికేటప్పుడు "చిల్లర్ ఫ్రీ" అని ఉందా లేదా చూసుకోవాలి. ఏసీ ఖర్చు అద్దెలోనే కలిసి ఉందని దాని అర్థం. లేకపోతే కొన్ని భవనాల్లో శీతలీకరణ కంపెనీ బిల్లు విడిగా వస్తుంది, అందులో కొంత భాగం మీరు ఊళ్లో లేకపోయినా కట్టాల్సిందే.

దేశం మారితే లెక్కా మారుతుంది. యూఏఈలో భార్యాపిల్లల్ని తీసుకెళ్లడానికి 4,000 దిర్హాముల జీతం, లేదా 3,000తో పాటు కంపెనీ వసతి ఉంటే చాలు. నిబంధన ప్రకారం చాలు గానీ ఆ జీతంతో బతకడం కుదరదు. కువైట్ 2024లో ఫ్యామిలీ వీసాలు మళ్లీ తెరిచినప్పుడు 800 దినార్ల జీతం ఉండాలని షరతు పెట్టింది. సౌదీలో కుటుంబ సభ్యులు ఒక్కొక్కరికి నెలకు 400 రియాళ్ల ఫీజు ఉంది. భార్య, ఇద్దరు పిల్లలంటే నెలకు 1,200 రియాళ్లు, ఏడాదికి 14,400. ఈ ఫీజును కంపెనీ కడుతుందా లేదా అన్నది ఆఫర్ లెటర్‌లో రాసి ఉండాలి. నోటిమాట చెల్లదు.

ఉద్యోగం పోతే ఏమవుతుందన్నది ఎవరూ అడగడానికి ఇష్టపడని ప్రశ్న. కుటుంబం వీసాలన్నీ ఉద్యోగి వీసాకు వేలాడుతుంటాయి. అది రద్దయితే కొద్ది నెలల గడువులో ఇంకో ఉద్యోగమో, తిరుగు టిక్కెట్టో చూసుకోవాలి. యూఏఈలో 2023 నుంచి నిరుద్యోగ బీమా తప్పనిసరి చేశారు; మూల వేతనంలో 60 శాతం, మూడు నెలల దాకా ఇస్తారు. పెన్షన్ ఉండదు. మానేసేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం. మూల వేతనం అన్న మాట గమనించాలి. 12,000 జీతంలో మూల వేతనం 5,000 అని రాసిన కంపెనీలో గ్రాట్యుటీ, బీమా రెండూ ఆ 5,000 మీదే లెక్కగడతారు. అందుకే విశాఖలో ఉన్న ఫ్లాటును అమ్మి వెళ్లడం తొందరపాటు అవుతుంది. మొదటి రెండేళ్లు అద్దెకిచ్చుకోవడమే మేలు.

తొమ్మిదో తరగతి గీత

చదువు విషయంలో పైకి అంతా తేలిగ్గా కనిపిస్తుంది. సీబీఎస్ఈ స్కూళ్లు బోలెడు, ఏప్రిల్‌లోనే కొత్త తరగతులు మొదలవుతాయి, సిలబస్ ఒకటే. యూఏఈ ప్రైవేటు స్కూళ్లలో తొమ్మిదో తరగతి దాకా అరబిక్ తప్పనిసరి. తెలుగును సబ్జెక్టుగా చెప్పే స్కూలు దొరకడం కష్టం, ఆ పని ఇంట్లోనే జరగాలి.

అసలు చిక్కు ఇంటర్ తర్వాత వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్, మెడిసిన్ వంటి కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులవి. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవాళ్లు స్థానికులు. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. ఎనిమిదో తరగతి దాకా విశాఖలో చదివి, తొమ్మిదికి దుబాయ్ వెళ్లి, పన్నెండు అక్కడే పూర్తి చేసిన పిల్ల ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలో స్థానికురాలు కాకుండా పోతుంది. పుట్టింది విశాఖ కేజీహెచ్ ఆస్పత్రిలోనే అయినా, ఆధార్‌లో చిరునామా సీతమ్మధారే అయినా. మిగిలిన 15 శాతంలో పోటీ పడే వీలు తల్లిదండ్రుల నివాసం ఆధారంగా ఉండొచ్చు గానీ అది ఇరుకు దారి.

దీనికి ఎదురు లాభం కూడా ఉంది. ఎన్ఐటీల వంటి సంస్థల్లో విదేశాల్లో చదివిన పిల్లల కోసం దాసా అనే పథకం నడుస్తోంది. అందులో గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు విడిగా కొన్ని సీట్లు ఉంటాయి. ఫీజు మన దేశంలో చదివినవాళ్లతో సమానం. పదకొండు, పన్నెండు తరగతులు అక్కడే చదివి ఉండాలి, జేఈఈ మెయిన్ ర్యాంకు కావాలి. కాబట్టి పిల్లను ఇంటర్‌కు మధ్యలో వెనక్కి పంపడం రెండు దారుల్నీ మూసేస్తుంది. ఇక్కడ స్థానికత రాదు, అక్కడి కోటా దక్కదు. గల్ఫ్ కుటుంబాల్లో తరచు జరిగేది ఇదే. పదో తరగతి కాగానే విశాఖలో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చేరుస్తారు. పిల్లలు ఏడో తరగతి లోపు ఉన్నవాళ్లు రెండు మూడేళ్ల కోసం వెళ్లి, తొమ్మిదికి తిరిగొచ్చేలా ప్లాన్ చేసుకోవచ్చు. లేదంటే పన్నెండు పూర్తయ్యేదాకా అక్కడే ఉండటానికి సిద్ధపడాలి. ఎనిమిదో తరగతి పిల్లున్న ఇంటికి ఆఫర్ వస్తే, ఉద్యోగి ఒంటరిగా వెళ్లి, కుటుంబం విశాఖలో ఉండటమే ఎక్కువ సందర్భాల్లో సరైనది.

వెళ్లాలనే తేలితే, మెరుగైన వరస ఒకటుంది. ఉద్యోగి ముందు వెళ్తాడు. ప్రొబేషన్ ఆరు నెలలూ ఒంటరిగా ఉండి, ఆఫీసుకు ఎంత దూరంలో ఇల్లు దొరుకుతుందో, పక్కనే ఉన్న షార్జా నుంచి దుబాయ్‌కి పొద్దుటి ట్రాఫిక్‌లో ఎన్ని గంటలు పోతాయో తెలుసుకుంటాడు. కుటుంబం ఒక ఆగస్టులో వచ్చి చూస్తుంది, స్కూలు సీటు మాట్లాడుకుంటుంది. చంటిపిల్లలే ఉంటే అక్టోబరు చివర్లో మకాం మార్చడం మంచిది, ఐదు చల్లని నెలలు ఊరు పరిచయమవుతుంది, ఇల్లాలికి నలుగురు తెలుస్తారు, వేసవి వచ్చేసరికి అంత ఒంటరిగా ఉండదు. స్కూలు పిల్లలుంటే ఏప్రిల్ తప్పదు. అప్పుడు మొదటి ఏడాది జులై, ఆగస్టు విశాఖలో గడపడానికి టిక్కెట్లు ముందే తీసుకోవాలి, ఆ సీజన్లో ధరలు మండిపోతాయి. అమ్మానాన్నలను నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో విజిట్ వీసా మీద పిలిపించుకోవచ్చు. విశాఖ నుంచి నేరుగా వెళ్లే విమానాలను నమ్ముకోవడానికి లేదు, హైదరాబాద్‌లోనో చెన్నైలోనో మారాల్సి రావచ్చు. పెద్దవాళ్లకు వీల్‌చైర్ సాయం ముందే రాయించాలి.

కాగితాల పని ఈ లోపు ఇక్కడే ముగించుకోవాలి. పెళ్లి సర్టిఫికెట్, పిల్లల జనన ధ్రువపత్రాలు, డిగ్రీలు యూఏఈకి ఎంబసీ అటెస్టేషన్ (ధ్రువీకరణ ముద్ర) అయ్యే వెళ్లాలి. గుళ్లో పెళ్లి చేసుకుని రిజిస్ట్రేషన్ చేయించుకోని జంటలు ఇప్పటికీ చాలామందే ఉన్నారు. వాళ్లకు మొదటి పని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో. టెన్త్ సర్టిఫికెట్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఇంటిపేరు ఉన్నవాళ్లు, ఆఫర్ కోసం ఎదురుచూసే రోజుల్లోనే దాన్ని సరిచేయించుకుంటే తర్వాత మూడు నెలలు కలిసొస్తాయి.